రెండ్రోజుల్లో నికెల్ కొట్టేస్తా అంటే ఆగండి

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా పాత కార్ల బంపర్ల గురించే. వానలు వెనకబట్టాక అందరూ ఒకేసారి టార్పాలిన్లు ఎత్తి చూసుకున్నట్టున్నారు. అందుకే ఈసారి కార్బొరేటర్లూ డైనమోలూ పక్కన పెట్టి మొత్తం మెరుగు పని గురించే మాట్లాడుకుందాం, మిగతావాళ్ళు ఏమీ అనుకోకండి.

ప్రశ్న: మాస్టారూ, నమస్కారం. మాది పర్లాకిమిడి. మా నాన్నగారు వాడిన అంబాసిడర్ మార్క్ టూ, 1968 మోడల్, ఇంట్లోనే ఉంది. 2018లో తిత్లీ తుపానుకి షెడ్డు కూలిపోయి నెలల తరబడి తడి టార్పాలిన్ కిందే ఉండిపోయింది. ముందు బంపరు ఎర్రగా పొక్కులు లేచింది, వెనకది కాస్త నయం. మాఘంలో మా అమ్మాయి పెళ్ళి, పెళ్ళికూతుర్ని ఆ బండిలోనే తేవాలని మా అమ్మ పట్టు. ఇక్కడ ఒకాయన రెండ్రోజుల్లో నికెల్ కొట్టి ఇచ్చేస్తా అంటున్నాడు, రేటు కూడా తక్కువే చెప్పాడు. ఇచ్చేయమంటారా?

జవాబు: మాస్టారూ అనకండి బాబూ, స్కూల్లో రెండుసార్లు లెక్కలు తప్పినవాణ్ణి. ఇక బంపర్ సంగతి, ఇవ్వొద్దు. ఆయన చెడ్డవాడనీ కాదు, మోసం చేస్తాడనీ కాదు, రెండ్రోజుల్లో అయ్యే పని కాదు కాబట్టి.

నా కథ చెప్తా వినండి. చాలా ఏళ్ళ కిందట నా ఫియట్ బంపర్లు ఇలాగే ఒక షాపులో ఇచ్చాను, పేరు ఎందుకులెండి. దసరాకి బండి బయటికి తియ్యాలని తొందర. మూడోరోజుకి తెచ్చి ఇచ్చాడు, అబ్బో అద్దంలా ఉంది, వీధిలో పిల్లలంతా వచ్చి మొహాలు చూసుకున్నారు. సంక్రాంతిదాకా ఏమీ కాలేదు. ఎండాకాలం గడిచి జూన్‌లో మొదటి వానలు పడ్డాయో లేదో బంపర్ నిండా గోధుమరంగు చుక్కలు, అచ్చం మొహమ్మీద మచ్చల్లా. బోల్టుల దగ్గర గోరుతో గీరితే పొర కొబ్బరి చెక్క మీద తోలులా లేచి వచ్చింది. పైగా అంచులు బఫింగ్‌లో, అంటే తిరిగే చక్రంతో రుద్దే పనిలో, అరిగిపోయి, బోల్టు కన్నాలు కోడిగుడ్డు ఆకారంలోకి వచ్చాయి. తుప్పు పోగొట్టుకోవచ్చు గానీ అరిగిపోయిన అంచు మళ్ళీ రాదు.

ఎందుకలా అయిందో తర్వాత ఒక పెద్ద మేస్త్రీ దగ్గర కూర్చుని నేర్చుకున్నా. ఆ మెరిసే పూతని మనందరం నికెల్ అంటాం, కాస్త తెలిసినవాళ్ళు క్రోమ్ అంటారు, నిజానికి రెండూ ఉంటాయి, వాటి కింద రాగి కూడా ఉంటుంది. పైన నీలంగా మెరిసే క్రోమ్ పొర మైక్రాన్‌లో (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) మూడో వంతో నాలుగో వంతో ఉంటుంది, మహా అయితే అర మైక్రాన్. మన తలవెంట్రుక సుమారు 70 మైక్రాన్లు. అంటే వెంట్రుకలో రెండొందలో వంతు, అంతే. అది చేసే పని గీతలు పడకుండా, రంగు మారకుండా కాపాడ్డం. తుప్పుని ఆపేది దాని కిందున్న నికెల్, అది 20 నుంచి 30 మైక్రాన్లు ఉండాలి. మెరుపు వచ్చేది ఇంకా కిందినుంచి, ఇనుముని ఎంత నున్నగా రుద్దారు, దాని మీద రాగిని ఎంత నున్నగా బఫ్ చేశారు అన్నదాన్నిబట్టి. క్రోమ్ తొట్టిలో బంపర్ ఉండేది మూడు నాలుగు నిమిషాలే. ఆ మూడు నిమిషాల కోసం దాని ముందు పది రోజుల చాకిరీ అన్నమాట.

ఇంకో చిక్కుంది. నికెల్ అనేది ఇనుము కంటే మొండి లోహం, అంత తేలిగ్గా తుప్పుకి లొంగదు. రేకుల మీద వేసే జింకు పూత అలా కాదు, ఎక్కడైనా గీత పడితే తాను కరిగిపోయి ఇనుముని కాపాడుతుంది. నికెల్ కాపాడదు సరికదా తనలో సూదిమొనంత కన్నం ఉన్నా అక్కడ ఇనుముని తుప్పుకి ఇంకా త్వరగా తినిపించేస్తుంది. పూత పల్చగా ఉంటే అలాంటి కన్నాలు లెక్కలేనన్ని. నా ఫియట్ మచ్చలు అవే. ఆ షాపువాడు రాగి అసలు వెయ్యలేదు, నికెల్ ఏదో నామానికి ముంచి తీశాడు.

కాబట్టి మీరు ఎక్కడికి వెళ్ళినా రేటు ఎంత అని మొదట అడక్కండి. పాత క్రోమూ నికెలూ పూర్తిగా దించుతావా అని అడగండి, ఎందుకంటే క్రోమ్ మీద క్రోమ్ పట్టదు, దించకుండా వేస్తే పెచ్చులే. రాగి వేస్తావా, వేశాక మళ్ళీ బఫ్ చేసి గుంటలు మిగిలితే ఇంకోసారి రాగిలో ముంచుతావా అని అడగండి. నికెల్ ఒక పొరా రెండు పొరలా అనీ అడగండి. మంచి షాపుల్లో ముందు సెమీబ్రైట్ అనే సగం మెరుపు నికెల్, దాని మీద బ్రైట్ అనే పూర్తి మెరుపు నికెల్ వేస్తారు, ఒకవేళ తుప్పు దిగినా పైపొరలో పక్కలకి పాకుతుంది గానీ నేరుగా ఇనుముదాకా దిగదు. ఈ మాటలకి అవతలాయన మొహం చూస్తే చాలు, మిగతా ఇంటర్వ్యూ అక్కర్లేదు. విసుక్కుంటే వచ్చెయ్యండి. కుర్చీ వేసి, అవతల రాగిలోంచి తీసిన ముక్క తెచ్చి చూపించాడంటే అక్కడ ఇవ్వండి.

పొక్కులు లేచాయన్నారు కదా, పొర దించాక కింద గుంటలూ ఒకట్రెండు కన్నాలూ బయటపడతాయి, ముందే మనసు గట్టి చేసుకోండి. కన్నానికి వెల్డింగో ఇత్తడి అతుకో వేయించాలి. బాడీ పుట్టీ పెట్టనివ్వకండి, ఈ పూత, అదే ప్లేటింగ్, తొట్టిలో కరెంటు పంపి వేస్తారు, పుట్టీలో కరెంటు పారదు, కరెంటు పారని చోట పూత పట్టదు. సొట్టలు కూడా ముందే తీయించండి, పూత అయ్యాక సుత్తి పడిందంటే పగుళ్ళే.

ఇచ్చేముందు బంపర్ని అట్ట మీద పెట్టి పెన్సిల్‌తో బోల్టు కన్నాలు గీసుకోండి, ఫోటోలు తియ్యండి. బంపర్ మీద నిలువుగా నిలబడే ఓవర్‌రైడర్లు విప్పి విడిగా ఇవ్వండి. వాటిని మా పిల్లలు కొమ్ములు అనేవాళ్ళు. కొమ్ములంటే గుర్తొచ్చింది, మీ ఊళ్ళో కొమ్ముతో కొంగలూ చేపలూ చేసేవాళ్ళ దగ్గర ఒక పూట కూర్చోండి, మెరుగు అంటే ఏంటో వాళ్ళ కంటే బాగా ఎవరూ చూపించలేరు. గరుకుదానితో మొదలుపెట్టి, ముందటి గీతలు పూర్తిగా పోయాకే దాని కంటే సన్నటిదానికి వెళ్తారు, మధ్యలో ఒక మెట్టు ఎగ్గొడితే చివర్లో ఎంత రుద్దినా ఆ గీత దెయ్యంలా కనబడుతూనే ఉంటుంది. ఇనుమూ అంతే, ఎనభై నంబర్ ఎమెరీతో మొదలెట్టి మూడొందలు దాటేదాకా ఒక్కో మెట్టూ ఎక్కాల్సిందే.

పని అయ్యాక తీసుకునేటప్పుడు ఎండలో చూడకండి, ఎండలో అన్నీ మెరుస్తాయి. షాపులో ట్యూబులైటు కింద నిలబెట్టి, ఆ లైటు ప్రతిబింబం బంపర్ మీద గీతలా పడుతుంది కదా, మీరు మెల్లగా పక్కకి నడవండి, గీత తిన్నగా మీతోపాటు జరుగుతోందా, నీళ్ళలో పాములా వంకర్లు పోతోందా చూడండి. వంకర్లు పోతే కింద పాలిష్ సరిగ్గా చెయ్యలేదు, అక్కడే చెప్పండి, ఇంటికొచ్చాక చెప్తే ఎవరూ వినరు.

ఇక పెళ్ళి. పుష్యం వచ్చేదాకా ఆగకుండా ఇప్పుడే ముందు బంపర్ ఒక్కటే ఇవ్వండి, విశాఖ వైపో భువనేశ్వర్ వైపో, రెండూ మీకు వెళ్ళిరాగలిగే దూరమే. కనీసం మూడు వారాలు టైమివ్వండి. వెనకది నయంగానే ఉందన్నారు కాబట్టి దాన్ని కదపకండి, కింది జవాబులో చెప్పినట్టు చేత్తో రుద్దుకోండి చాలు. అయినా పెళ్ళిబండికి వెనక బంపర్ ఎవరు చూస్తారండీ, బంతిపూల దండలు కప్పేస్తాయి.

బండికి తిరిగి బిగించేముందు ఒక్క పని మర్చిపోవద్దు. బంపర్ లోపలి వైపు వంపుల్లోకి క్రోమ్ సరిగ్గా ఎక్కదు, అది ఆ ప్లేటింగ్ లక్షణం, ఎవరి తప్పూ కాదు. బురద కూర్చునేది అక్కడే. లోపలంతా ప్రైమర్ కొట్టి పైన పేంటు వేయించండి, బోల్టుల కింద రబ్బరు వాషర్లు పెట్టండి. అమ్మాయికి మా ఆశీస్సులు.

ప్రశ్న: అన్నయ్యా, మాది రాయగడ. నాది ప్రీమియర్ పద్మిని. బంపర్ మీద అక్కడక్కడా ఆవగింజంత తుప్పు చుక్కలు. మా అమ్మ చింతపండూ ఉప్పూ వేసి రుద్దితే ఇత్తడి బిందెలా తళతళలాడుద్ది అంటోంది. మెకానిక్ ఏమో మొత్తం ప్లేటింగ్ చేయించమంటున్నాడు. ఎవరి మాట వినను?

జవాబు: తమ్ముడూ, ఇద్దరి మాటా వినకు. చింతపండు వరకూ అమ్మ చెప్పింది కరెక్టే, ఆ పులుపు తుప్పుని కరిగిస్తుంది. ఉప్పు మాత్రం వద్దే వద్దు, ఇత్తడి బిందెకి పొరల్లో కన్నాలుండవు గానీ నీ బంపర్‌కి ఉంటాయి, ఉప్పు వాటిల్లో దూరి లోపల కూర్చుంటుంది. మెకానిక్ మాట విని ఆవగింజంత చుక్కలకి ప్లేటింగ్ చేయించుకోవడం పంటి నొప్పికి పలువరసంతా పీకించుకోవడం లాంటిది. ఫ్యాక్టరీలో వేసిన పూత మళ్ళీ రాదు, ఉన్నంతకాలం ఉంచుకో.

చపాతీలు చుట్టే సిల్వర్ ఫాయిల్ ఉంటుంది కదా, అరచేతంత ముక్క ఉండ చేసి, నీళ్ళలో తడిపి, చుక్క మీద మెల్లగా గుండ్రంగా రుద్దు. బలం అక్కర్లేదు. కాసేపటికి నల్లటి చిక్కటి పేస్టులా వస్తుంది, అది వస్తోందంటే పని జరుగుతోందని గుర్తు, భయపడి ఆపెయ్యకు. తడిగుడ్డతో తుడిచి, మంచినీళ్ళతో కడిగి, పూర్తిగా ఆరబెట్టి, కార్ వ్యాక్స్ పట్టించు. గిన్నెలు తోమే స్టీలు పీచు ముట్టుకోకు. తుడిచాక చుక్క ఉన్నచోట గోరు పెట్టి చూడు, గోరు తగులుకుంటే అక్కడ నిజంగానే గుంట ఉంది, రుద్దితే పోదు, వ్యాక్స్ నింపుకుంటూ ఇంకొన్నేళ్ళు లాగించు. గోరు జారిపోతే నీ అదృష్టం.

ప్రశ్న: సార్, గోపాల్‌పూర్ దగ్గర మా ఇల్లు, సముద్రం వినపడుతుంది. ఎన్నిసార్లు ప్లేటింగ్ చేయించినా ఉప్పుగాలికి ఆగట్లేదు. స్టెయిన్‌లెస్ స్టీలుతో బంపర్ చేయించుకుంటే తప్పా? లేకపోతే మార్కెట్లో క్రోమ్ స్ప్రే డబ్బాలు దొరుకుతున్నాయి కదా?

జవాబు: స్ప్రే సంగతి ముందు తేల్చేద్దాం. అది వెండిరంగు పేంటు, క్రోమ్ కాదు, వేసిన రోజు అద్దంలా ఉండి మర్నాడు చెయ్యి తగిలితే సత్తు గిన్నెలా అయిపోద్ది. గ్రిల్ లోపల ఎవరికీ కనపడని ముక్కకైతే సరే.

స్టీలు తప్పేం కాదండి, సముద్రం పక్కన ఉన్నవాళ్ళకి నేనే చెప్తా. కానీ గ్రేడ్ 304కి తగ్గకూడదు. షాపువాడు 202 అంటగడతాడు, చూడ్డానికి ఒకేలా ఉంటాయి, 202లో నికెల్ తక్కువ, మీ దగ్గర ఆ గాలికి దాని మీద టీ ఒలికినట్టు గోధుమరంగు మరకలు పడిపోతాయి. ఇంకోటి, స్టీలు మెరుపు కాస్త తెల్లగా పసుపు ఛాయలో ఉంటుంది, క్రోమ్ నీలంగా ఉంటుంది, పక్కన క్రోమ్ హెడ్‌లైట్ రింగు ఉంటే తేడా తెలిసిపోతుంది. ర్యాలీలకి తీసుకెళ్ళే ఆలోచన ఉంటే పాత బంపర్ పారెయ్యకుండా నూనెగుడ్డలో చుట్టి అటక మీద పెట్టండి. ప్లేటింగే కావాలంటే మాత్రం పైన చెప్పిన రెండు పొరల నికెల్, 30 మైక్రాన్లకి తగ్గకుండా, అదీ కాక వారానికోసారి మామూలు నీళ్ళతో కడగడం. ఉప్పుని కడిగినంత మందు ఇంకోటి లేదు.

ప్రశ్న: అంకుల్, నేను బరంపురంలో ఐటీఐ చదువుతున్నా. ఇంటి డాబా మీద సొంతంగా క్రోమ్ ప్లేటింగ్ పెట్టుకుందామని ఉంది. బ్యాటరీ చార్జర్ ఉంది, బకెట్లు ఉన్నాయి. కెమికల్స్ ఏమేం కావాలో చెప్పండి.

జవాబు: చెప్పను. కోప్పడకు, ఎందుకో విను. క్రోమ్ తొట్టిలో ఉండేది క్రోమిక్ ఆసిడ్, అందులో క్రోమియం హెక్సావలెంట్ రూపంలో ఉంటుంది, అది ఊపిరితిత్తుల క్యాన్సర్ తెచ్చే పదార్థమని రుజువైంది. ఆ తొట్టిలోకి పంపే కరెంటులో చాలా భాగం క్రోమ్ వెయ్యడానికి కాదు, హైడ్రోజన్ బుడగలు పుట్టించడానికే పోతుంది, ఆ బుడగలు పైకొచ్చి పగిలినప్పుడల్లా ఆసిడ్ సన్నటి మంచులా గాల్లోకి లేస్తుంది. ఏళ్ళ తరబడి అది పీల్చి ముక్కు మధ్య గోడకే కన్నం పడిన ప్లేటింగ్ కార్మికులు ఉన్నారు. డాబా మీద పెట్టావంటే మీ నానమ్మ వడియాలు ఎండబెట్టేది ఆ పక్కనే. ఆ పసుపు నీళ్ళు ఎక్కడ పారబోస్తావు, కాలవలోనా, మున్సిపాలిటీ కుళాయి పక్కనా? ట్రైవాలెంట్ అని దీనికంటే నయమైన పద్ధతి ఉంది, రంగు ఒక పిసరు ముదురుగా వస్తుంది, అదీ ఇంట్లో ఆట కాదు.

నేర్చుకోవాలన్న నీ ఉత్సాహం మాత్రం చంపను. మైలుతుత్తం తెలుసు కదా, పొలాల్లో వాడే నీలంరాయి, అంటే కాపర్ సల్ఫేట్, అందులో రాగి ఉంటుంది. కొంచెం గాజు గ్లాసులో నీళ్ళలో కరిగించి, గీకి శుభ్రం చేసిన ఇనప మేకు ఒకటి అందులో వెయ్యి. కరెంటు అక్కర్లేదు. ఒక్క నిమిషంలో మేకు ఎర్రగా రాగిరంగులోకి వచ్చేస్తుంది, నీకు ఎక్కడ లేని సంతోషం వేస్తుంది. ఇప్పుడు తీసి గుడ్డతో తుడువు. మొత్తం గుడ్డకే అంటుకుపోతుంది. ఇనుము మీద రాగి నేరుగా అలా పట్టదు, అందుకే షాపుల్లో ముందు వేరే తొట్టిలో పట్టు కోసం సన్నటి పొర ఒకటి వేసి ఆ తర్వాతే ఆసిడ్ కాపర్ అనే అసలు రాగి తొట్టిలో ముంచుతారు. రెండ్రోజుల్లో ఇస్తానన్న షాపువాడు ఎగ్గొట్టేది సరిగ్గా ఇలాంటి మెట్లే. చేతులు కడుక్కో, ఆ గ్లాసు మళ్ళీ వంటింట్లోకి పోనివ్వకు.

ప్రశ్న: జయపురం నుంచి రాస్తున్నా. 1965 స్టాండర్డ్ హెరాల్డ్ ఉంది. వింటేజ్ నంబరు కోసం అప్లై చేద్దామనుకుంటున్నా. బంపర్లు ప్లేటింగ్ చేయిస్తే ఒరిజినల్ కాదని కొర్రీ పెడతారా?

జవాబు: 2021 జులైలో కేంద్రం తెచ్చిన రూల్ ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ అయి 50 ఏళ్ళు దాటిన టూవీలర్లూ కార్లూ వింటేజ్ కింద వస్తాయి. ఒరిజినల్ రూపంలో ఉండాలి, ఛాసీలో గానీ బాడీలో గానీ ఇంజిన్లో గానీ మార్పులు ఉండకూడదు అన్నారు. ఉన్న బంపర్‌కి అదే రకం పూత మళ్ళీ వేయించడం మార్పు కిందికి రాదనే నా ఉద్దేశం, ఎందుకైనా మంచిది పనికి ముందూ తర్వాతా ఫోటోలు దాచుకోండి. కొత్త రిజిస్ట్రేషన్‌కి 20,000, రీరిజిస్ట్రేషన్‌కి 5,000, పదేళ్ళు చెల్లుతుంది. నంబర్లో రాష్ట్రం కోడ్ తర్వాత వీఏ అని వస్తుంది. అయితే ఆ నంబరు తీసుకున్నాక బండిని ఎగ్జిబిషన్లకీ ర్యాలీలకీ, పెట్రోలూ రిపేరూ లాంటివాటికే తియ్యాలి, రోజువారీ వాడకం కుదరదు. హెరాల్డ్‌లో కూరగాయలకి వెళ్ళే అలవాటుంటే మాత్రం ఆలోచించుకోండి.

అన్నట్టు, ఎవరి దగ్గరైనా 1920ల మొదట్లో కార్లు ఉంటే వాటికి క్రోమ్ వేయించకండి. కార్ల మీదికి క్రోమ్ వచ్చింది ఆ దశాబ్దం చివర్లో, అంతకుముందు నికెల్ మెరుపే, కాస్త వెచ్చని పసుపు ఛాయ. దాని మీద నీలి క్రోమ్ కొట్టిస్తే ముత్తవ్వకి లిప్‌స్టిక్ వేసినట్టుంటుంది.

ప్రశ్న: బాబుగారూ, మాది గుణుపురం. మా ఆయన ప్రతి ఆదివారం అంబాసిడర్ బంపర్లకి కొబ్బరినూనె రాస్తారు. నెలకో సీసా అయిపోతోంది. దానివల్ల ఏమైనా ఉపయోగం ఉందా?

జవాబు: అమ్మా, రాసిన గంటసేపు మెరుపు, తర్వాత ఆదివారం దాకా దుమ్ము. నూనె దుమ్ముని పట్టుకుంటుంది, మీ ఆయన మళ్ళీ ఆదివారం గుడ్డతో రుద్దినప్పుడు ఆ దుమ్మే ఎమెరీ కాగితంలా పనిచేసి సన్నగీతలు పెడుతుంది. బదులుగా రెండు నెలలకోసారి వ్యాక్స్ చాలు. కాకపోతే మీ ఆయన చెయ్యి ఖాళీగా ఉండేలా లేదు కాబట్టి, బంపర్ వెనక వైపు చెయ్యి పెట్టి అక్కడి మట్టి గోకమని చెప్పండి, ఒక ఆదివారం మొత్తానికి సరిపడా పని ఉంటుంది. సీసా మాత్రం మీరు తీసి దాచేసుకోండి.